నల్లగొండలో కొన్న మూలికల పళ్ళపొడి: టీ మరకలకు సరే, ఫ్లోరైడ్ మచ్చలకు కాదు

నల్లగొండ ప్రకాశం బజార్‌లోని ఒక మూలికల దుకాణంలో సొంతంగా దంచి అమ్మే పళ్ళపొడిని మా ఇంట్లో కొంతకాలంగా వాడుతున్నాం. కరక్కాయ, లవంగం, తుమ్మ బెరడు, సైంధవ లవణం, పటిక, వంటసోడా, కొద్దిగా బొగ్గు ఇందులో ఉన్నాయని డబ్బా మీద రాశారు. పళ్ళపొడుల్లో పొగాకు కలపడాన్ని 1992లోనే నిషేధించారు. ఈ జాబితాలోనూ అది లేదు. లవంగం ఘాటు, కరక్కాయ వగరు కలిసిన రుచి నాకు నచ్చింది, తోముకున్నాక నోరు చాలాసేపు తాజాగా ఉంటుంది.

టీ, వక్కపొడి వల్ల పంటిపై పేరుకున్న మరకలు దీనితో నిజంగానే తగ్గాయి. అయితే వంటసోడా పంటిని పెద్దగా గీయకుండానే మరకను వదిలిస్తుంది గానీ, బొగ్గు గరుకుగా ఉంటే పంటి పైనుండే గట్టి పొర ఎనామెల్‌ను కూడా అరగదీస్తుంది. అరిగిన ఎనామెల్ మళ్ళీ పెరగదు, దాని కింద ఉండే డెంటిన్ సహజంగానే పసుపు రంగులో ఉంటుంది కనుక, తెలుపు కోసం గట్టిగా రుద్దేవారి పళ్ళు చివరకు మరింత పచ్చబడతాయి. ఈ పొడిని ఇంకా మెత్తగా జల్లించి ఉంటే బాగుండేది. నిమ్మరసంతో కలిపి రుద్దుకోమని దుకాణంలో ఇచ్చే సలహాను మాత్రం ఎవరూ పాటించవద్దు. ఆ పులుపుకు ఎనామెల్ మెత్తబడుతుంది, మెత్తబడిన పంటిని పొడితో తోమితే అరుగుదల మరింత పెరుగుతుంది.

నాకు అసలు అభ్యంతరం డబ్బా మీద ఉన్న "ఫ్లోరైడ్ మచ్చలు సైతం పోతాయి" అన్న వాక్యంతోనే. మన జిల్లాలో ఫ్లోరైడ్ సమస్యకు పేరుపడ్డ మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు ఆ ఒక్క మాట చూసే దీన్ని కొంటారు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన బోరు నీటిని పిల్లలు ఏళ్ళ తరబడి తాగితే, చిగురు లోపల పన్ను తయారవుతున్న దశలోనే ఎనామెల్ దెబ్బతింటుంది. అలా వచ్చే గోధుమరంగు మచ్చ పంటిలో భాగమే గానీ పైన అంటిన మురికి కాదు. పటిక ఫ్లోరైడ్‌ను లాగేస్తుందని దుకాణదారు వివరించారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టిన మాట నిజం, కానీ అది తాగునీటిని శుద్ధి చేసే విధానం, ఏర్పడిపోయిన పంటి మీద దానికి పని లేదు.

కాబట్టి టీ మరకలున్న పెద్దలు ఈ పొడిని వేలితో మృదువుగా, అప్పుడప్పుడు వాడుకోవచ్చు. మచ్చలున్న పిల్లల కోసమైతే కొనవద్దు. తేలికపాటి మచ్చలను దంత వైద్యులు పైపొరను సన్నగా సానపట్టి, అవసరమైతే బ్లీచింగ్ చేసి తగ్గించగలరు, లోతైనవాటిని పంటి రంగు పదార్థంతో కప్పుతారు. ఆ వాక్యాన్ని డబ్బా మీద నుంచి తీసివేయమని దుకాణదారును కోరాను.