ఇంటి సోలార్ ఉత్పత్తి సొంత వెబ్‌సైట్‌లో: మూడేళ్ల వాడకం తర్వాత

సెటప్ చిన్నదే. ఇన్వర్టర్ మోడ్‌బస్ పోర్టు (మోడ్‌బస్ అంటే యంత్రాల నుంచి అంకెలు చదివే పద్ధతి), దాని పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్, అందులో ఒకే ఫైలులో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్, ఐదు నిమిషాలకోసారి హోస్టింగ్ సర్వర్‌కి అంకెలు మోసుకెళ్లే జేసన్ ఫైలు, పేజీలో గ్రాఫ్ గీసే చార్ట్ జేఎస్. మూడేళ్లుగా నడుస్తోంది. అయితే మొదటి ఏడాది పేజీలో కనబడిన అంకెలన్నీ నిజమేనా అంటే, కాదు. గ్రాఫ్ గీయడం ఒక సాయంత్రం పని. అది అబద్ధం చెప్పకుండా చూసుకోవడానికే మిగతా టైమంతా పట్టింది.

ఇన్వర్టర్ తయారీదారు క్లౌడ్ నుంచి ఏపీఐతో (ప్రోగ్రాములు డేటా అడిగే దారితో) తెచ్చుకుంటే ఇన్వర్టర్‌ని ముట్టుకోనక్కర్లేదు. కానీ రిక్వెస్టులకు పరిమితి ఉంటుంది, అంకెలు ఆలస్యంగా వస్తాయి, అవతలి వాళ్లు ఏపీఐ మార్చిన రోజున పేజీ బోసిపోతుంది. తీగ లాగే వీలుంటే తీగే మేలు. ఇన్వర్టర్‌కి ఆర్‌ఎస్-485 అనే రెండు తీగల కనెక్షన్ అయితే మెలితిప్పిన జత తీగ, ఒక యూఎస్‌బీ కన్వర్టర్ చాలు. స్పీడు చాలా వాటిలో సెకనుకి 9600 బిట్లు ఉంటుంది. జవాబు రాకపోతే ముందు ఏ, బీ తీగలు అటుదిటు చేసి చూడండి. ఆ గుర్తులు ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది, తిప్పి కలిపినా ఏదీ కాలిపోదు. నెట్‌వర్క్ మీద అయితే పోర్టు 502. చాలా ఇన్వర్టర్లు ఒకేసారి ఒక్క కనెక్షనే ఒప్పుకుంటాయి. ల్యాప్‌టాప్‌లో టెస్ట్ స్క్రిప్టు తెరిచి వదిలేస్తే అసలు స్క్రిప్టుకి డేటా అందదు.

రిజిస్టర్లంటే ఇన్వర్టర్ తన విలువలు ఉంచే గడులు, వాటి నంబర్ల దగ్గర దాదాపు అందరూ తడబడతారు. మాన్యువల్ 1 నుంచి లెక్కపెడితే స్క్రిప్టులో వాడే లైబ్రరీ 0 నుంచి లెక్కపెడుతుంది. 40084 అని రాసి ఉంటే 40083 అడగాల్సి రావచ్చు. సన్‌స్పెక్ (ఏ విలువ ఏ రిజిస్టర్‌లో ఉండాలో చెప్పే ఉమ్మడి ప్రమాణం) పద్ధతి పాటించే ఇన్వర్టర్లలో ఎక్కువ వాటికి 40000 దగ్గర 'ఎస్ యూ ఎన్ ఎస్' అనే నాలుగు అక్షరాలు ఉంటాయి. అవి దొరికితే నంబరింగ్ సరిపోయినట్టే. అక్కడి నుంచి ప్రతి బ్లాకు ముందు దాని ఐడీ, పొడవు ఉంటాయి. వాటిని పట్టుకుని నడవండి, నెట్‌లో దొరికిన అడ్రసులు గుడ్డిగా వాడకండి.

ఇక స్కేల్ ఫ్యాక్టర్. ఇంతగా ఏడిపించింది ఇంకోటి లేదు. పవర్ ఒక రిజిస్టర్‌లో పూర్ణాంకంగా వస్తుంది, దాన్ని పది ఏ ఘాతంతో గుణించాలో పక్క రిజిస్టర్ చెబుతుంది. ఎలాగూ మారదులే అని స్టార్టప్‌లో ఒక్కసారి చదివి దాచుకుంటే దెబ్బ తింటాం. పవర్ రిజిస్టర్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య 32767. స్కేల్ -1 అయితే 3276.7 వాట్ల దాకానే చెప్పగలదు. అది దాటగానే కొన్ని ఇన్వర్టర్లు స్కేల్‌ని 0కి మార్చి 3280 అని పంపుతాయి. మన స్క్రిప్టు పాత -1 పట్టుకుని దాన్ని 328 వాట్లుగా రాసేస్తుంది. గ్రాఫ్‌లో మిట్టమధ్యాహ్నం, మబ్బు తునకైనా లేని రోజున, లోతైన గుంట కనిపిస్తుంది. నీడ పడిందా, ప్యానెల్ పోయిందా అని మేడెక్కి చూడటం దండగ. పవర్, స్కేల్ రెండూ ఒకే రిక్వెస్టులో, ప్రతిసారీ కలిపి చదవాలి. అలాగే రాత్రిపూట మైనస్ 32 కిలోవాట్లు కనిపిస్తే కంగారు పడొద్దు. -32768 అంటే 'ఈ విలువ ఇప్పుడు లేదు' అని ఇన్వర్టర్ చెప్పే పద్ధతి. దాన్ని అంకెగా రాసుకోకూడదు.

ఖాళీ వేరు, సున్నా వేరు. ఈ తేడా మొదటి రోజునుంచే డేటాబేస్‌లో ఉండాలి. రాత్రి ఇన్వర్టర్ నిద్రపోయి జవాబివ్వదు, అది సున్నా. మధ్యాహ్నం జవాబివ్వకపోతే అది ఖాళీ, గ్రాఫ్‌లో గీత తెగిపోవాలి. రెండింటినీ విడదీయడానికి పైథాన్‌లో ఆస్ట్రల్ లైబ్రరీతో సూర్యోదయం, సూర్యాస్తమయం లెక్కగడితే సరి. చార్ట్ జేఎస్‌కి నల్ (ఖాళీ విలువ) పంపితే గీతను తనే తెంపుతుంది.

రోజు మొత్తం యూనిట్లకి పవర్‌ని కూడుకుంటూ పోకండి. మధ్యలో గంటసేపు డేటా పోతే ఆ గంట ఉత్పత్తి కూడా పోతుంది. ఇన్వర్టర్‌లో మొదటి రోజునుంచి పెరుగుతూ వచ్చే మొత్తం కౌంటర్ ఉంటుంది. సాయంత్రం విలువలోంచి పొద్దుటి విలువ తీసేస్తే, గీత తెగినా మొత్తం చెడదు. 'ఈరోజు ఉత్పత్తి' అనే రిజిస్టర్ కూడా ఉంటుంది గానీ, కొన్నింటిలో అది అర్ధరాత్రి కాకుండా తెల్లారి ఇన్వర్టర్ లేచాకే సున్నా అవుతుంది. తెల్లవారుజామున పేజీ తెరిస్తే నిన్నటి లెక్క ఈరోజుదిగా కనిపిస్తుంది. గీతకి మాత్రం పవరే వాడాలి. కౌంటర్ అడుగులు పెద్దవైతే ఐదు నిమిషాల తేడాలు మెట్లుమెట్లుగా వస్తాయి. పది సెకన్లకోసారి చదివి, 30 రీడింగుల సగటు ఒక వరుసగా రాస్తే రోజుకి 288 వరుసలు. ఏళ్ల తరబడి దాచినా ఫైలు ఏడాదికి కొన్ని మెగాబైట్ల కంటే పెద్దగా పెరగదు.

పది సెకన్లకోసారి రాస్ప్‌బెర్రీ పై ఎస్‌డీ కార్డు మీద రాయొద్దు, సగటు మాత్రమే రాయాలి. ఎస్‌డీ కార్డు ఆయుష్షు అక్కడే ఉంది. బ్యాకప్‌కి ఎస్‌క్యూలైట్ సొంత బ్యాకప్ ఆదేశమే వాడండి, నడుస్తున్న ఫైలుని మామూలుగా కాపీ చేస్తే సగం సగం రావచ్చు. కరెంటు పోయి వచ్చాక ఇంకో తంటా ఉంది. రాస్ప్‌బెర్రీ పై 4 దాకా వచ్చిన బోర్డుల మీద గడియారం చిప్ లేదు, నెట్ అందేదాకా పాత టైమే నడుస్తుంది. ఆ లోపు రాసిన వరుసలు గతంలోకి వెళ్లి కూర్చుంటాయి. టైమ్ సింక్ అయ్యాకే స్క్రిప్టు మొదలయ్యేలా పెట్టండి, టైమ్ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే ప్రమాణ సమయం) దాచండి.

బయటికి పెట్టే విషయంలో ఒక్క మాట గట్టిగా: రూటర్‌లో పోర్టు తెరవద్దు. మోడ్‌బస్‌కి పాస్‌వర్డ్ అనేదే లేదు. ఇంట్లోంచి ఎస్‌ఎస్‌హెచ్ అనే రహస్య కనెక్షన్ మీద, ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో ఫైలు బయటికి వెళ్లాలి, బయటివాళ్లెవరూ లోపలికి రాకూడదు. ఆర్‌సింక్ కొత్త ఫైలుని వేరే పేరుతో దించుకుని ఆఖర్న పేరు మారుస్తుంది కాబట్టి చూసేవాళ్లకి సగం ఫైలు అందదు. సర్వర్‌లో ఆ ఫైలుకి క్యాష్ గడువు (బ్రౌజర్ పాత కాపీని ఉంచుకునే సమయం) 300 సెకన్లు పెట్టండి, లేకపోతే పొద్దుటి అంకె సాయంత్రం దాకా బ్రౌజర్‌లో ఉండిపోవచ్చు. 'ఆఖరి రీడింగ్ ఫలానా టైముకి' అనే వాక్యం పేజీలో తప్పనిసరి. గ్రాఫానా (గ్రాఫ్‌ల ప్రోగ్రామ్), ఇన్‌ఫ్లక్స్ డీబీ (టైము వారీ డేటాబేస్) ఇంట్లో చూసుకోవడానికి బాగుంటాయి గానీ, ఒక గీత, మూడు అంకెలు లోకానికి చూపించడానికి అంత సరంజామా ఎందుకు?

ఇంటి వాడకాన్ని మాత్రం లైవ్‌గా పెట్టకండి. ఇంట్లో ఎవరూ లేని రోజులు ఆ గీతలో తెలిసిపోతాయి. ఉత్పత్తి గీత చాలు. అది కూడా సూర్యోదయాస్తమయాల టైముతో ఊరు ఎక్కడో కొంత చెప్పేస్తుంది, కాబట్టి పేజీలో ఇంటి ఫొటో, మ్యాపు జత చేయకపోవడం మంచిది.

మూడేళ్ల గ్రాఫ్ చూసి ప్యానెళ్లు అరిగాయో లేదో తేల్చేద్దామనిపిస్తుంది. ఏడాది మొత్తాలతో అది తేలదు, వానలు, మబ్బుల తేడా ఆ అరుగుదల కంటే పెద్దది. ఒకే వారంలో, పూర్తిగా ఎండ కాసిన రోజుల్ని ఏడాదికేడాది పక్కపక్కన పెడితే ఏదైనా కనిపించొచ్చు. అందుకే ఆ ఐదు నిమిషాల వరుసలు ఒక్కటి కూడా చెరపకుండా ఉంచాలి.