అమృత్‌సర్‌లో నాలుగు రోజులు: లంగర్ పంక్తి, జలియన్‌వాలా బాగ్ గోడ

మాది నిజామాబాద్. నాందేడ్ మాకు రైల్లో రెండు మూడు గంటల దూరమే. గురు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించిన అక్కడి గురుద్వారా హజూర్ సాహిబ్‌కి వెళ్లే సిక్కు యాత్రికులను చిన్నప్పటి నుంచీ మా స్టేషన్‌లో చూస్తూనే పెరిగాను. హైదరాబాద్‌లో అత్తాపూర్ దగ్గరి సిఖ్ ఛావ్నీ వాళ్లదీ మనతో పాత సంబంధమే. నిజాం మంత్రి చందూలాల్ అడిగితే 1832లో మహారాజా రంజిత్ సింగ్ పంపిన సైనికుల సంతతి వాళ్లు. అయినా అమృత్‌సర్ మాత్రం ఇన్నేళ్లూ చూడలేదు. ఈసారి ఫిబ్రవరి చివర్లో అక్కా నేనూ బయల్దేరాం.

నాందేడ్‌లో సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారే పని లేకుండా అమృత్‌సర్‌లో దిగొచ్చు. ఒకటిన్నర రోజు ప్రయాణం. దారిలో కొన్ని స్టేషన్లలో ఆ ఊరి సిక్కులు ప్లాట్‌ఫారం మీదికే లంగర్, అంటే గురుద్వారా ఉచిత భోజనం, తెచ్చి వడ్డిస్తారు. బకెట్లతో కూర, గంపలతో రొట్టెలు. టికెట్ ఏ క్లాసుదని గానీ, మీరు ఎవరని గానీ అడగరు. స్లీపర్‌లో ఉన్న బిహారీ కూలీలూ, ఏసీ పెట్టెలోని పెద్దమనుషులూ ఒకే గంప ముందు చేతులు చాచారు. మీరూ వెళ్తే ఒక పళ్లెం, గిన్నె సంచిలో పెట్టుకోండి.

బస గురించి చెప్పాలి, అక్కడే మేం తప్పు చేశాం. రాత్రి దిగుతాం కదా అనే టెన్షన్‌తో గుడి దగ్గరి సందులో ఒక హోటల్ ఆన్‌లైన్‌లో బుక్ చేశాం. ఫొటోలో కిటికీ ఉంది, గదిలో లేదు. పొద్దున ఖాళీ చేసేటప్పుడు చెప్పని చార్జీలు కలిపారు. రెండో రోజు గురుద్వారా సరాయిలో గది అడిగితే, ఒక గంట కూర్చోబెట్టి ఇచ్చారు. శుభ్రమైన పక్కలు, వేడినీళ్లు, హోటల్‌కి ఇచ్చిన దాంట్లో సగం కూడా కాని అద్దె. గురు రామ్‌దాస్ నివాస్, గురు అర్జన్ దేవ్ నివాస్, మాతా గంగా నివాస్, సారాగఢీ నివాస్ అని చాలా ఉన్నాయి. శని, ఆదివారాల్లో దొరకడం కష్టం. గుర్తింపు కార్డు అసలుది ఉండాలి. స్టేషన్ నుంచి గురుద్వారా వాళ్ల ఉచిత బస్సులు కూడా నడుస్తాయి. పగలు దిగేవాళ్లు వాటికోసమే చూడండి.

తెల్లవారుజామున నాలుగింటికి దర్బార్ సాహిబ్‌కి వెళ్లాం. స్వర్ణ దేవాలయం అని మనం అంటాం గానీ, అక్కడివాళ్ల నోట ఎప్పుడూ దర్బార్ సాహిబే, లేదా హర్మందిర్ సాహిబ్. జోడా ఘర్‌లో చెప్పులు తీసుకున్నాయన చేతులు చూశాను. ఖరీదైన గడియారం, చేతి మీద ఉన్ని శాలువా. నా చెప్పులు రెండు చేతులతో అందుకుని టోకెన్ ఇచ్చాడు. తలకు గుడ్డ కట్టుకుని, నీళ్ల మడుగులో కాళ్లు కడుక్కుని లోపలికి అడుగుపెట్టాలి. పాలరాయి ఐసులా ఉంది, అక్కకి మోకాళ్లు పట్టేశాయి. లోపలికి వెళ్లే వాకిలిని ఇప్పటికీ ఘంటా ఘర్ అంటారు. పంజాబ్‌ని కలుపుకున్నాక ఇంగ్లీషువాళ్లు అక్కడ చర్చి గోపురంలాంటి ఎర్ర గడియార స్తంభం కట్టారు. దాన్ని కూల్చేసి చాలా కాలమైంది, పేరు మాత్రం జనం నోట్లో మిగిలింది.

లోపలికి వెళ్లే వరుసలో గంటన్నర నిలబడ్డాం. ఆదివారం మధ్యాహ్నమైతే దానికి రెట్టింపు పడుతుందన్నారు. నీళ్ల మీదుగా కీర్తన వినిపిస్తూ ఉంటే ఆ గంటన్నర నాకు బరువనిపించలేదు. నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లు. 1604లో గురు అర్జన్ ఇక్కడ సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆది గ్రంథాన్ని ప్రతిష్ఠించారు. అందులో గురువుల వాక్కుల పక్కనే చెప్పులు కుట్టిన రవిదాస్, నేతపని చేసిన కబీర్, ముస్లిం సూఫీ ఫరీద్ పదాలు కూడా ఉన్నాయి. ఇంత విశాలమైన చోట ఒక విషయం మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. లోపల కీర్తన పాడేవాళ్లంతా మగవాళ్లే. వరుసలో మా ముందున్న లూధియానా టీచరమ్మే ఆ మాట ఎత్తింది. "గురువు ఎక్కడా వద్దనలేదు. మేం అడుగుతూనే ఉన్నాం" అంది. 2019లో పంజాబ్ అసెంబ్లీ కూడా ఆడవాళ్లకి ఆ అవకాశం ఇవ్వాలని తీర్మానం చేసిందట. ఆమె అంత భక్తితో మెట్టుకి నుదురు ఆనించడం, అంత సూటిగా ఈ మాట అనడం, రెండూ ఒకే మనిషిలో చూశాక నాకు ఆ గుడి మీద గౌరవం పెరిగింది.

లంగర్‌లో రోజూ వేలకు వేలమంది తింటారు. స్టీలు పళ్లెం అందుకుని చాపల పట్టీల మీద వరుసగా కూర్చోవాలి. దాల్, సబ్జీ, ఖీర్. రొట్టెని అక్కడ పర్షాదా అంటారు. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి, ఒంటి చేత్తో అందుకోకూడదు. మొదటిసారి నేను ఒంటి చెయ్యే చాపాను. వడ్డించే కుర్రాడు కోప్పడకుండా నా రెండో చెయ్యి వైపు చూస్తూ ఆగాడు. తిన్నాక అక్క గిన్నెలు తోమేచోట నిలబడింది. మోకాళ్ల నొప్పి మాటే ఎత్తకుండా గంటసేపు పళ్లేలు కడిగింది. పెరుగన్నం లేదని రైల్లో గొణిగిన మనిషి ఆమే.

అక్కడి నుంచి నడిచి వెళ్తే పది నిమిషాల్లోపే జలియన్‌వాలా బాగ్. ప్రవేశ రుసుం లేదు. 1919 ఏప్రిల్ 13, వైశాఖి. డయ్యర్ యాభై మంది తుపాకీ సిపాయిలతో వచ్చి హెచ్చరిక లేకుండా పది నిమిషాలపాటు కాల్పించాడు. 1650 తూటాలు. ప్రభుత్వ లెక్క 379 మంది, కాంగ్రెస్ విచారణ లెక్క వెయ్యి వరకూ. గోడల మీద తూటా గుర్తులకు చుట్టూ గీతలు గీసి ఉంచారు. నేను ఒక గుంటలో వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను.

కానీ నిజాయితీగా చెప్పాలంటే, 2021లో చేసిన మార్పులు నాకు నచ్చలేదు. సిపాయిలు వచ్చిన ఇరుకు సందు గోడల నిండా ఇప్పుడు నవ్వుతున్న మనుషుల బొమ్మలు చెక్కారు. ఇటుక గోడల మధ్య ఊపిరాడని ఆ ఇరుకుని వట్టిగా వదిలేస్తేనే మనకి తెలిసేది. చాలామంది చరిత్రకారులు అప్పట్లోనే అభ్యంతరం చెప్పారు. జనం ఆ బొమ్మల ముందు సెల్ఫీలు దిగుతున్నారు. పొద్దున్నే వెళ్లండి, గుంపు లేనప్పుడు గోడ దగ్గరా బావి దగ్గరా కాసేపు కూర్చోవచ్చు.

ఈ రెండు చోట్లనీ మనవాళ్లు "గుడి", "దేశభక్తి" అని రెండు గళ్లలో పెట్టి చూసి వచ్చేస్తారు. నేనూ అలాగే వెళ్లాను. అవి రెండూ ఒకే కథ అని మా ఆటో ఆయన వల్ల తెలిసింది. అరవై దాటిన సర్దార్. మూడో రోజు తరన్ తారన్, గోయింద్‌వాల్ తిప్పడానికి మాట్లాడుకున్నాం. నన్ను బేటీ అని, అక్కని బెహన్‌జీ అని పిలిచేవాడు. మా దక్కనీ హిందీ విని మొదట నవ్వాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

ఆయన చెప్పిన కథ ఇది. ఆ రోజుల్లో దర్బార్ సాహిబ్ పెత్తనం ఇంగ్లీషువాళ్లు పెట్టిన సర్బరాహ్, అంటే మేనేజరు, చేతిలో ఉండేది. కాల్పులు జరిపిన డయ్యర్‌ని గుడిలోకి పిలిచి సిరోపా (గౌరవ వస్త్రం) కప్పి గౌరవించింది ఆ పెత్తందార్లే. ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడిన గదర్ వీరులు సిక్కులే కాదని ప్రకటించిందీ వాళ్లే. మరుసటి ఏడాది, 1920 అక్టోబర్ 12న, అంటరానివాళ్లనిపించుకున్న కులాల సిక్కులు అదే జలియన్‌వాలా బాగ్‌లో సభ పెట్టుకుని, అమృతం (సిక్కు దీక్ష) పుచ్చుకుని, కడా ప్రసాదం (నేతి హల్వా) పట్టుకుని గుడికి నడిచారు. పూజారులు ఆ ప్రసాదం ముట్టుకోం అన్నారు. వాదన జరిగింది. చివరికి ఆ పవిత్ర గ్రంథాన్నే, గురు గ్రంథ్ సాహిబ్‌నే, అడుగుదామని తెరిస్తే, గుణం లేనివాళ్లని కూడా గురువు తానే మన్నించి సేవలో పెట్టుకుంటాడనే పదం వచ్చింది. ప్రసాదం తీసుకోక తప్పలేదు. అక్కడి నుంచి ఆ జనం సిక్కుల అత్యున్నత పీఠమైన అకాల్ తఖ్త్‌కి వెళ్తే అక్కడి పూజారులు చోటు వదిలి వెళ్లిపోయారు. ఆ ఖాళీ నుంచే నవంబర్ 15న గురుద్వారాలని చూసుకునే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ పుట్టింది. తర్వాత ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయిన గుడి ఖజానా తాళంచెవుల కోసం పోరాటం, గురు కా బాగ్‌లో చెయ్యెత్తకుండా లాఠీ దెబ్బలు తినడం, చివరికి గుడుల పెత్తనం సిక్కులకే ఇచ్చిన 1925 గురుద్వారా చట్టం. 1922 జనవరిలో తాళంచెవులు తిరిగొచ్చినప్పుడు స్వాతంత్ర్య పోరాటంలో మొదటి నిర్ణాయక యుద్ధం గెలిచామని గాంధీజీ తంతి పంపారు.

"తెల్లదొరకి శాలువా కప్పిన చేతులే మా ప్రసాదం ముట్టుకోం అన్నాయి బేటీ" అన్నాడాయన. మా ప్రసాదం అన్నప్పుడు నాకు అర్థమైంది. ఆయన మజ్బీ సిక్కు, అంటే దళిత సిక్కు. 1675లో ఢిల్లీలో తల నరికించిన గురు తేగ్ బహదూర్ శిరస్సుని ఆనంద్‌పూర్ దాకా మోసుకొచ్చిన భాయీ జైతా తమవాడేనని, గురు గోవింద్ సింగ్ ఆయన్ని కౌగిలించుకుని "రంగ్రేటే గురు కే బేటే" (రంగ్రేటాలు, అంటే ఆ కులంవాళ్లు, గురువు బిడ్డలు) అన్నారని చెప్తూ ఆటో వేగం తగ్గించాడు.

గోయింద్‌వాల్‌లో 84 మెట్లు దిగే బావి ఉంది. అక్క పైనే కూర్చుంది. మెట్లు తడిగా ఉంటాయి, పెద్దవాళ్లు జాగ్రత్త. ముందు పంక్తిలో కూర్చో, తర్వాతే గురువుని చూడు అనే నియమాన్ని గురు అమర్‌దాస్ పెట్టింది ఇక్కడే. అక్బర్ కూడా నేల మీద కూర్చుని తిన్నాడని సిక్కులు చెప్పుకుంటారు. లంగర్ తిని బయటకొచ్చాక ఆయన్ని అడిగాను, మీ ఊళ్లో గురుద్వారా ఒకటేనా అని. రెండున్నాయన్నాడు. శ్మశానాలూ రెండే. 2011 లెక్కల్లో పంజాబ్ జనాభాలో దాదాపు 32 శాతం దళితులు, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత శాతం లేదు. భూమి మాత్రం వాళ్ల చేతుల్లో చాలా తక్కువ. దీని వెనక కూడా పాత చట్టం ఉంది. 1900లో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన భూ బదలాయింపు చట్టం వ్యవసాయ కులాల జాబితా ఒకటి రాసి, అందులో లేనివాళ్లు వాళ్ల భూమి కొనకుండా కట్టడి చేసింది. "మా తాత పైసా పైసా కూడబెట్టాడు. కొనడానికి పోతే కచేరీలో కాగితం లేదన్నారు" అన్నాడు. స్వాతంత్ర్యం వచ్చాకే ఆ చట్టం పోయింది, అప్పటికి రెండు తరాలు గడిచాయి. ఇప్పుడు పంచాయతీ ఉమ్మడి భూమిలో మూడో వంతు కౌలు దళితులకే ఇవ్వాలని చట్టం ఉన్నా, అది చేతికి రావడానికి కూడా కొట్లాడాల్సి వస్తోందట.

చిట్టా గురించి నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. అదే అక్కడ హెరాయిన్‌కి పేరు. తమ వీధిలో ఇద్దరు కుర్రాళ్లు పోయారట. మిగిలినవాళ్లు పొలం తాకట్టు పెట్టి కెనడా వీసా కోసం తిరుగుతున్నారు. తరన్ తారన్ దారిలో ప్రతి గోడ మీదా విదేశాలకి కావాల్సిన ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ ప్రకటనలే. మన ఊళ్లలో అమెరికా కన్సల్టెన్సీ బోర్డులు చూసే నాకు అవి కొత్తగా అనిపించలేదు, ఆ ఇళ్లలో తల్లిదండ్రులు ఎలా ఉంటారో తెలుసు కాబట్టి మనసు చివుక్కుమంది.

నాలుగో రోజు పింగల్‌వాడాకి వెళ్లాం. టూరు ప్యాకేజీల్లో ఇది ఉండదు, నన్నడిగితే వాఘా సరిహద్దు కంటే ముందు దీనికి వెళ్లండి. 1934లో లాహోర్ గురుద్వారా గుమ్మంలో ఎవరో వదిలేసిన అంగవైకల్యం ఉన్న పిల్లవాణ్ని భగత్ పూరణ్ సింగ్ వీపు మీద వేసుకుని ఏళ్ల తరబడి మోశారు. విభజనలో ఆ పిల్లవాడితోనే అమృత్‌సర్ చేరి, దిక్కులేనివాళ్ల కోసం ఈ ఇల్లు కట్టారు. ప్రభుత్వం ఇచ్చిన పద్మశ్రీని 1984లో సైన్యం దర్బార్ సాహిబ్‌లోకి వెళ్లినందుకు నిరసనగా తిరిగిచ్చేశారు. సందర్శకులని రానిస్తారు, ఫొటోలు తీసే ముందు అడగాలి. ఆడపిల్లల వార్డులో ఒక పిల్ల అక్క కొంగు పట్టుకుని వదల్లేదు. వదిలేసిన పసివాళ్లలో ఆడపిల్లలే ఎక్కువా అని అడిగితే అక్కడి నర్సు తలూపింది. 2001లో పంజాబ్‌లో ఆరేళ్లలోపు వెయ్యి మంది మగపిల్లలకి 798 మంది ఆడపిల్లలే ఉన్నారు. ఆ ఏడాదే అకాల్ తఖ్త్ భ్రూణహత్యలకి వ్యతిరేకంగా ఆదేశం ఇచ్చింది. 2011కి ఆ లెక్క 846కి పెరిగింది.

మిగతావి క్లుప్తంగా. టౌన్ హాల్‌లోని విభజన మ్యూజియంకి రెండు గంటలు పెట్టుకోండి, ఒక ఫుల్కారీ (పంజాబీ ఎంబ్రాయిడరీ) కోటు, ఒక తోలు బ్రీఫ్‌కేసు దగ్గర తప్పకుండా ఆగి వాటి కథ చదవండి. వాఘాకి ముప్పై కిలోమీటర్లు, కేకలూ జెండాలూ నాకు పెద్దగా పట్టలేదు, అక్కకి నచ్చింది. కుల్చా పొద్దున తినండి, లస్సీ గ్లాసు ఇద్దరికి ఒకటి చాలు.

1984 గురించి ఆటో ఆయన్ని అడగడానికి నోరు రాలేదు. అకాల్ తఖ్త్ పక్కన ఆ జూన్‌లో పోయినవాళ్ల స్మారకం ముందు ఆయనే ఆగాడు, తలవంచి కాసేపు నిలబడ్డాడు. నవంబర్‌లో ఢిల్లీలో ప్రభుత్వ లెక్క ప్రకారమే 2,733 మంది సిక్కులని చంపారు. ఆ ఏడాది ఆయన ఎక్కడున్నాడో చెప్పలేదు.

ఆఖరి రాత్రి ముగ్గురం కలిసే దర్బార్ సాహిబ్‌కి వెళ్లాం. ఆటో బయట పెట్టి ఆయన కూడా వచ్చాడు. కౌంటర్‌లో ఆకు దొన్నెలో వేడి వేడి కడా ప్రసాదం కొన్నాడు. నెయ్యి కారుతోంది. వంతెన ముందు సేవాదార్ ఆ దొన్నె అందుకుని, సగం పళ్లెంలోకి తీసి, మిగతా సగం తిరిగి ఆయన దోసిట్లో పెట్టాడు. ఆయన అందులోంచి ముందు అక్కకి, తర్వాత నాకు పెట్టి, తన చేతికి అంటిన నెయ్యి గడ్డానికి రాసుకున్నాడు.