కాన్పు తర్వాత నీళ్లలోకి: వన్‌పీసా, ఫ్రాకు రకమా, పైదీ కిందదీ విడివిడిగా ఉన్నదా?

"పాపకి ఏడో నెల. వచ్చే నెల అందరం గోవా వెళ్తున్నాం. అత్తగారు, మామగారు, ఆడపడుచు వాళ్లు కూడా వస్తున్నారు. నీళ్లలో దిగడానికి ఏం కొనుక్కోమంటారు?" ఊరు మారుతుంది గానీ ప్రశ్న ఇదే. గోవా కాకపోతే రుషికొండ, అదీ కాకపోతే హైదరాబాద్ శివార్లలో ఏదో రిసార్టు. అడిగేవాళ్లంతా ముందు రెండు షరతులు పెడతారు: పొట్ట కనపడకూడదు, పెద్దవాళ్ల ముందు ఇబ్బందిగా ఉండకూడదు. రెండూ న్యాయమైనవే. ఈ మధ్యే నేనూ ఇదే వెతికాను కాబట్టి చెబుతున్నాను, ఈ రెండింటికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. ఒంటి మీద బట్ట తడిసి ముద్దయ్యాక బిడ్డకి పాలివ్వగలమా? బాత్రూముకి వెళ్లి రాగలమా?

పాలు తాగే బిడ్డ మన షెడ్యూలు చూసి ఏడవదు. నీళ్లలో ఆడితే ఆకలి ఇంకా తొందరగా వేస్తుంది. తల్లి సంగతి చూస్తే, కటి కండరాలు ఇంకా బిగుసుకోవు. తుమ్మినా దగ్గినా చుక్క పడే ఇబ్బంది కాన్పయ్యాక నెలల తరబడి చాలామందికి ఉంటుంది, సిగ్గుపడి ఎవరూ చెప్పరంతే. పైగా చల్లటి నీళ్లలో కాసేపు ఉంటే ఎవరికైనా మూత్రం ఎక్కువ వస్తుంది. అలాంటప్పుడు ఒంటికి అతుక్కుపోయిన తడి లైక్రా బట్టని భుజాల నుంచి ఒలుచుకుంటూ దింపి, మళ్లీ అంగుళం అంగుళం పైకి లాక్కోవడం పెద్ద యాతన. బయట బిడ్డ ఏడుస్తుంటే అది రెట్టింపు. అందుకే నేను ప్రతి రకాన్నీ ముందు ఈ పరీక్షకే నిలబెట్టాను.

వన్‌పీస్‌తో, అంటే పైదీ కిందదీ కలిపి ఒకే ముక్కగా ఉండే ఈతబట్టతో మొదలుపెడదాం. నిజంగా ఈత కొట్టేవాళ్లకి దీనికి సాటి లేదు. అల తగిలినా, దూకినా కదలదు. ముందు వైపు ఏటవాలుగా కుచ్చులు పెట్టి, వి ఆకారపు మెడ ఉన్నది తీసుకుంటే పొట్టని ఇంత అందంగా కప్పేది మరొకటి లేదు. బిడ్డ పాలు మానేసిందా, సీసా పాలు తాగుతోందా, అయితే సందేహం లేకుండా కొనుక్కోండి. తల్లిపాలు తాగుతుంటే మాత్రం కథ వేరు. భుజం పట్టీ దించితే సగం ఒళ్లు బయటపడుతుంది. ముందు జిప్ ఉన్న వన్‌పీస్‌లు దొరుకుతాయి, అవి పాలిచ్చే సమస్య తీరుస్తాయి గానీ బాత్రూము సమస్య తీర్చవు.

సైజు చిక్కు ఇంకోటి. కాన్పయ్యాక ఛాతీ, నడుము, తుంటి ఒకే లెక్కలో ఉండవు. ఛాతీకి సరిపోయింది కింద వదులవుతుంది, కిందికి సరిపోయింది పైన పిండేస్తుంది. వన్‌పీస్‌లో రెంటికీ ఒకటే సైజు, మనకి ఎంపిక లేదు. పొట్టని నొక్కిపెట్టే 'టమ్మీ కంట్రోల్' రకాలు చాలామందిని ఆకర్షిస్తాయి. నడికట్టు కట్టించుకున్న బాలింతలం కదా, బిగించడం మనకి కొత్త కాదు. కానీ నడికట్టు పొట్ట వరకే. ఈ వన్‌పీస్‌ల్లో కొన్ని ఛాతీని కూడా నొక్కేస్తాయి. పాలతో నిండిన రొమ్ముని గంటల తరబడి అదిమిపెడితే పాలు గడ్డకట్టి నొప్పి, ఒక్కోసారి జ్వరం దాకా వెళ్లొచ్చు. కింద వైరు ఉన్న కప్పులతో కూడా ఇదే భయం. సెలవుల్లో అందం కోసం ఆ నొప్పి తెచ్చుకోవద్దు.

ఇక ఫ్రాకు రకం. మన ఆడవాళ్లు ఎక్కువగా కొనేది ఇదే, ఎందుకో నాకు బాగా అర్థమవుతుంది. లోపల షార్ట్స్, పైన తొడల దాకా గేరు. నీళ్లలోంచి బయటికొచ్చి మామగారి ఎదురుగా కుర్చీలో కూర్చున్నా కుర్తీ వేసుకున్నట్టే ఉంటుంది. ఆ నిశ్చింతకి విలువ ఉంది, తీసిపారేయను. అయితే కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. షార్ట్స్ పైభాగానికే కుట్టేసి, వీపు మీద జిప్ పెట్టినవి చాలా ఉన్నాయి. వాటిలో బిడ్డకి పాలివ్వడం అసాధ్యం, జిప్ తీయాలంటే మరో మనిషి కావాలి. నీళ్లలో దిగాక గేరు పైకి తేలుతుంది, సముద్రంలో అయితే అల దాన్ని పట్టి లాగుతుంది. షార్ట్స్ విడిగా ఉండి, ముందు జిప్ ఉన్న ఫ్రాకు దొరికితే మంచి ఎంపికే. దుకాణంలో వెనక జిప్‌వే ఎక్కువ కనిపిస్తాయి, కాస్త ఓపికగా వెతకాలి.

నేను తీసుకున్నది మూడోది: ముందు జిప్ ఉన్న పొట్టి చేతుల రాష్ గార్డ్ (ఈతకి వేసుకునే టీషర్టు లాంటిది), కింద బొడ్డు దాకా వచ్చే వెడల్పాటి పట్టీతో మోకాళ్ల వరకు షార్ట్స్. మొదటి చూపులో అంత ముచ్చటగా ఉండదు, వ్యాయామానికి వెళ్లే బట్టల్లా ఉంటుంది. కానీ నేను పెట్టుకున్న పరీక్షలో ఇది నెగ్గినంత సులువుగా ఏదీ నెగ్గలేదు. జిప్ దించితే బిడ్డ అక్కడే, గొడుగు కింద కూర్చునే తాగుతుంది. పైన పల్చటి చున్నీ వేసుకుంటే చాలు. బాత్రూముకి వెళ్తే కిందది మాత్రం దించితే సరి. ఛాతీకి ఎల్, నడుముకి ఎం అయినా విడివిడిగా కొనుక్కోవచ్చు. పాలు మాన్పించి ఛాతీ తగ్గాక పైదొక్కటే మార్చుకోవచ్చు.

ఆపరేషన్ కాన్పు అయినవాళ్లకి ఇది ఇంకా మేలు. కుట్ల గీత పొత్తికడుపు కింద, మామూలు కింది ముక్క ఎలాస్టిక్ సరిగ్గా ఒరుసుకునే చోట ఉంటుంది. నెలలు గడిచినా ఆ చోట తిమ్మిరి, దురద, తాకితే చురుక్కుమనడం మామూలే. పైదాకా వచ్చే పట్టీ ఆ గీత మీద కాకుండా దానికి ఎగువన ఆనుతుంది. వదులైన పొట్ట చర్మం కూడా దాని లోపల సర్దుకుంటుంది. పాలిచ్చే నెలల్లో నెలసరి ఎప్పుడు మళ్లీ మొదలవుతుందో చెప్పలేం కాబట్టి కిందది ముదురు రంగుదే తీసుకోండి.

ఎండ సంగతీ ఉంది. గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన మంగు మచ్చలు ఎండ తగిలితే ముదురుతాయి. ముఖానికి టోపీ, క్రీము తప్పవు గానీ, భుజాలు, జబ్బలు బట్ట కిందే ఉంటే అక్కడ సన్‌స్క్రీన్ రాయక్కర్లేదు. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న బట్ట అతినీలలోహిత కిరణాల్లో 50వ వంతునే లోపలికి రానిస్తుంది. ఎత్తుకున్న బిడ్డ నోరు ఎప్పుడూ మన భుజం మీదే ఉంటుంది కదా, అక్కడ క్రీము లేకపోవడమే నాకు పెద్ద ఊరట.

దీనికీ లోపాలున్నాయి. నీళ్లలో పైముక్క పైకి జరుగుతుంది. అంచుకి బిగించే తాడు గానీ, షార్ట్స్‌కి తగిలించే చిన్న లూపు గానీ ఉన్నది చూడండి. జిప్ పైకొసన బట్ట మడత లేకపోతే బిడ్డ బుగ్గ గీసుకుపోతుంది. లోపల మెత్తటి, స్పాంజి కప్పులు లేని స్పోర్ట్స్ బ్రా విడిగా కావాలి. స్పాంజి నీళ్లు తాగి గంటల తరబడి ఆరదు.

ఇదే పద్ధతిలో కాస్త సొగసు కావాలంటే టాంకినీ ఉంది. పొట్ట మీద వదులుగా జారే పొడవాటి టాప్, కింద షార్ట్స్. చేతులుండవు, దూకితే పైకి లేస్తుంది. ఎక్కువసేపు పిల్లల పూల్ గట్టున కూర్చునేవాళ్లకి నేను తీసుకున్నదానికంటే ఇదే అందంగా ఉంటుంది. మెడకి వెనక ముడివేసే రకం మాత్రం వద్దు. పాలిచ్చే నెలల్లో ఛాతీ బరువంతా మెడ మీద పడుతుంది, బిడ్డ చెయ్యి ఆ ముడి మీదికే పోతుంది.

మిగతావి క్లుప్తంగా. ఒళ్లంతా కప్పే బుర్కినీ ఎండకీ మర్యాదకీ మంచిదే, రెండు ముక్కలది కాబట్టి బాత్రూముకీ ఇబ్బంది లేదు. తడిసిన పొడవాటి పైభాగాన్ని ఎత్తి పాలివ్వడం కష్టం కాబట్టి జిప్ ఉన్నదే తీసుకోండి. బికినీలో పాలివ్వడం అన్నిటికంటే సులువు, కానీ ఎండకీ కుట్లకీ రక్షణ లేదు. ఇంట్లో ఉన్న కాటన్ టీషర్టు, లెగ్గింగ్స్ చాలా పూల్స్‌లో ఒప్పుకోరు. ఒప్పుకున్నా, నీళ్లు పీల్చి బరువెక్కిన బట్టతో చంకలో బిడ్డని పెట్టుకుని అలల్లో నిలబడటం ప్రమాదం.

అందం గురించి ఒక్క మాట. ఒక సైజు చిన్నది కొంటే సన్నగా కనపడతామన్నది అపోహ. అంచులు ఒంట్లోకి దిగి లేని మడతలు పుట్టిస్తాయి. ఇవాళ్టి ఒంటికి సరిపోయింది కొనండి. పైన పువ్వుల ప్రింటు, కింద ముదురు నీలం లేదా నలుపు అయితే చూపు పైకే వెళ్తుంది. లేత రంగులు తడిస్తే లోపలిది కనిపిస్తుంది, ఇంట్లోనే ఓసారి తడిపి చూడండి. పిల్లలకి మాత్రం నీలం వద్దు. పూల్ నీళ్లలో కలిసిపోయి కనపడదు. కణకణలాడే నారింజో, గులాబీయో వేయండి.

కొనేటప్పుడు లేబుల్ మీద నైలాన్ లేదా పాలియెస్టర్‌తో ఎలాస్టేన్ (సాగే దారం) కలిసి ఉందా చూడండి. క్లోరిన్ ఎలాస్టేన్‌ని మెల్లగా తినేస్తుంది, పాలియెస్టర్ ఎక్కువున్నది ఎక్కువకాలం మన్నుతుంది. స్విమ్‌వేర్‌ని చాలా చోట్ల వెనక్కి తీసుకోరు, ముందే కనుక్కోండి. వేసుకుని చూడటం బిడ్డకి పాలివ్వడానికి ముందే, ఛాతీ నిండుగా ఉన్నప్పుడు. గొంతుక్కూర్చుని, బిడ్డని ఎత్తుకుని లేచి, ఒంటిచేత్తో జిప్ తీసి వేసి చూడండి. ఆగిపోతే అది మీది కాదు.

ఏది వేసుకున్నా, కాన్పు తర్వాతి రక్తస్రావం పూర్తిగా ఆగి, కుట్లు మానాయని డాక్టరు చెప్పాకే నీళ్లలో దిగండి. మామూలుగా ఆరు వారాల చెకప్‌లో ఆ మాట తెలుస్తుంది. పూల్ నుంచి వచ్చి పాలిచ్చే ముందు ఛాతీని మంచినీళ్లతో కడుక్కుని తుడుచుకోండి. బట్టని పిండకుండా జాడించి నీడలో ఆరేయండి, పాలిచ్చాకే సుమా.