జర్మనీ బిజినెస్ వీసా: నా జీడిపప్పుని గ్రానైట్ చేసి పెట్టాడు, జాగ్రత్త

పలాస, కాశీబుగ్గ జీడి వ్యాపారస్తులు ఎవరైనా శ్రీకాకుళంలో ఆ మేడమీద ట్రావెల్స్ వాడి దగ్గరకి బిజినెస్ వీసా పని మీద వెళ్దాం అనుకుంటుంటే కాస్త ఆగండి. పేరు రాయను, మీకు తెలుసు, మనోళ్లు సగంమంది అక్కడే చేయించుకుంటారు. నిన్న సాయంత్రం వాడి మెట్లు దిగిన దగ్గర్నుంచి ఒళ్లు మండిపోతోంది నాకు.

నేను వెళ్దామనుకున్నది కొలోన్‌లో అనూగా, అంటే తిండి సరుకుల ట్రేడ్ ఫెయిర్, 2025 అక్టోబర్ 4 నుంచి 8 దాకా. రెండేళ్లకోసారి పెడతారు, ఇది పోతే మళ్లీ 2027. దానికి తోడు హాంబర్గ్‌లో ఒక బయ్యరు దొరికాడు, పాపం ఆయన వాళ్ల లెటర్‌హెడ్ మీద ఎందుకు రమ్మంటున్నాడో, ఏ తారీకులో, ఖర్చెవరిదో అన్నీ రాసి సంతకం పెట్టి ఇన్విటేషన్ మెయిల్ చేశాడు. అది వీడికి ఫార్వర్డ్ చేశాను. మూడేళ్ల ఐటీ రిటర్నులు, జీఎస్టీ, ఐఈసీ (ఎగుమతి దిగుమతులకిచ్చే కోడ్), ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ ఇచ్చాను, అన్నీ కలిపి 38 వేలు కట్టాను. కవరింగ్ లెటర్ మేం కొడతాం బాబూ అన్నాడు, సరే అని మా ఫ్యాక్టరీ లెటర్‌హెడ్లు నాలుగు, ఖాళీవి, కింద సంతకాలు పెట్టి మరీ ఇచ్చొచ్చాను. అవును, ఖాళీవే. తిట్టాలనుంటే లైన్లో నిలబడండి, మా ఆవిడ ముందుంది.

వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్తూ ఫలక్‌నుమా రైల్లో రాత్రంతా ఆ ఫైలు తలకింద పెట్టుకునే పడుకున్నాను. ఒక్కసారి తెరిచి చూడలేదు. ఇంగ్లీషు రాకా? కాదు, బద్ధకం.

వీసా రిజెక్ట్ అయ్యింది. కాగితం మీద టిక్కు ఎక్కడంటే, ప్రయాణం ఎందుకో చెప్పిన సమాచారం నమ్మేలా లేదు అన్న చోట. ఇదేటి, అంతా నిజమే కదా అని వాడి ఆఫీసుకెళ్లి జిరాక్స్ ఫైలు ఇమ్మన్నాను. వాడు ఫోన్లోంచి తల ఎత్తలేదు, పనిచేసే గుంటడు తెచ్చిచ్చాడు. అక్కడే నిలబడి చదివాను. మొదటి పేరాలో జీడిపప్పు బాగానే ఉంది. రెండో పేరాకొచ్చేసరికి మేము జర్మనీకి పాలిష్ చేసిన గ్రానైట్ స్లాబులు ఎగుమతి చేసే కంపెనీ అయిపోయాం! టెక్కలి వైపు ఏ గ్రానైట్ ఆయనకో కొట్టిన లెటర్లో పేరు మార్చి దించేశాడన్నమాట. కింద నీలం ఇంకుతో నా సంతకం, చక్కగా గీత కూడా గీసుంది. హాంబర్గ్ ఆయన లెటర్ ఫైల్లో లేనే లేదు.

అడిగితే ఏమన్నాడో తెలుసా? "జీడిపప్పయితే ఏటి, గ్రానైటయితే ఏటి బాబూ, అవన్నీ ఎవుడు చదువుతాడు?"

ఎవుడు చదువుతాడా! జర్మనీవోడు చదివాడు కదరా, చదవనిది నువ్వూ నేనూ.

అక్కడితో ఆగాడా, ఇంకో 8 వేలిస్తే అప్పీలు పెడదాం అన్నాడు. ఇంటికొచ్చి మావాడు చూస్తే, జర్మనీవాళ్లు వీసా ఆఫీసుకి పెట్టుకునే ఆ అప్పీలు పద్ధతిని 2025 జూలై 1 నుంచే ఎత్తేశారు. మళ్లీ అప్లై చేసుకోవాలి, లేదంటే వాళ్ల కోర్టుకెళ్లాలి. అప్లై చేస్తే మళ్లీ 90 యూరోల ఫీజు, మొదటిది తిరిగి రాదు. పైగా ఈ రిజెక్షన్ 5 ఏళ్లు వాళ్ల సిస్టంలో ఉంటుంది, ఏ షెంగెన్ దేశానికి (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు) అప్లై చేసినా కనిపిస్తుంది. హాంబర్గ్ ఆయనకి ఏం చెప్పాలో ఇంకా తెలీట్లేదు, గ్రానైట్ కావాలా అని అడగనా?

అన్నట్టు, వెళ్లేవాళ్లు ఇన్విటేషన్‌లో తారీకులు, కవరింగ్ లెటర్లో తారీకులు, ఇన్సూరెన్స్ తారీకులు ఒకటేనా కాదా చూసుకోండి, ఇన్సూరెన్స్ 30 వేల యూరోలకి తగ్గకూడదు. వీసా రాకముందే టికెట్ కొనేయకండి, రిజర్వేషన్ చాలు. ఖాళీ లెటర్‌హెడ్ మీద సంతకం మాత్రం సొంత బావమరిదికి కూడా ఇవ్వకండి. నావి మిగిలిన మూడు ఇంకా వాడి సొరుగులోనే ఉన్నాయి, రేపు ఫస్ట్ బస్సుకి వెళ్లి తెచ్చుకోవాలి.