పేజీలో ఒకటి, పార్సిల్‌లో మరొకటి: కొంత రిఫండ్ తీసుకోవాలా, తిప్పి పంపాలా? ఏది మేలు?

ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ వస్తువు కొన్నాక వచ్చే తగాదాలు ముఖ్యంగా రెండు. పేజీలో రాసిన వస్తువు ఒకటైతే పెట్టెలో వచ్చింది ఇంకొకటి కావడం మొదటిది. పోస్టేజీ కింద గట్టిగా వసూలు చేసి, పార్సిల్ మీద అందులో సగం కూడా ఖర్చుపెట్టకపోవడం రెండోది. చాలామంది ఈ రెంటినీ ఒకే మెసేజ్‌లో కలిపేసి అమ్మకందారు మీద విరుచుకుపడతారు. దాంతో గట్టి ఫిర్యాదు కూడా పలచబడిపోతుంది. వర్ణన తప్పని తేలితే, ప్లాట్‌ఫాం (అంటే మీరు కొన్న వెబ్‌సైట్) నియమాలు కొన్నవాళ్ల వైపే ఉంటాయి. పోస్టేజీ విషయంలో మాత్రం డబ్బు కట్టకముందు ఉన్న పట్టు కట్టాక మిగలదు.

ఏ దారి పట్టినా ముందు ఆధారాలు కావాలి. డబ్బు కట్టేముందే లిస్టింగ్ పేజీ మొత్తం, ఫొటోలతో సహా, సేవ్ చేసిపెట్టుకోండి. అమ్ముడయ్యాక పేజీ మాయం కావచ్చు. పార్సిల్ రాగానే విప్పకుండా నాలుగు పక్కలా, పైనా కిందా ఫొటోలు తీయండి. లేబుల్ మీద బరువు, పోస్టేజీ మొత్తం, పంపిన సర్వీస్ పేరు స్పష్టంగా కనపడాలి. ఖరీదైన వస్తువైతే లేబుల్ నుంచి మొదలుపెట్టి సీరియల్ నంబర్ దాకా కట్ లేకుండా ఒకే వీడియో తీయడం మంచిది. పెట్టె, బబుల్ ర్యాప్ పారేయకండి. తిప్పి పంపాల్సి వస్తే అవే కావాలి.

తర్వాత లోపం ఏ రకమో తేల్చుకోవాలి. మోడల్ వేరు, ఎడిషన్ వేరు, చెప్పని పగులు, కెమెరా లెన్స్ లోపల ఫంగస్ (బూజు), ఉందన్న భాగం లేకపోవడం, పాత యజమాని అకౌంట్‌తో లాక్ అయిన ఫోన్, ఇవన్నీ వర్ణనకు సరిపోనివే. రంగు ఊహించినట్టు లేదు, సైజు నప్పలేదు అనేవి మనసు మారడం కిందికి వస్తాయి. అక్కడ అమ్మకందారు వాపసు తీసుకుంటానని ముందే చెప్పి ఉండాలి, తిరుగు పోస్టేజీ కూడా సాధారణంగా మీదే. ఫొటోలో గీత స్పష్టంగా కనపడుతూ, మాటల్లో మాత్రం రాయకపోతే కేసు బలహీనం. ‘టెస్ట్ చేయలేదు’ అని రాసినదాన్ని పనిచేయదనుకునే కొనాలి. అదే అమ్మకందారు ‘పనిచేస్తోంది’ అని ఒక్క మాట రాసి ఉంటే కథ వేరు. ‘అమ్మినది వాపసు తీసుకోం’ అన్న వాక్యానికి భయపడనక్కర్లేదు. ఈబే వెబ్‌సైట్ కొన్నవాళ్లకిచ్చే మనీ బ్యాక్ గ్యారంటీ లాంటి రక్షణల్లో, వస్తువు వర్ణనకు సరిపోకపోతే ఆ వాక్యం చెల్లదు.

ఇక అసలు ప్రశ్న. వస్తువు ఉంచుకుని కొంత డబ్బు వెనక్కి తీసుకోవాలా, తిప్పి పంపి మొత్తం రాబట్టాలా?

కొంత రిఫండ్ ఎప్పుడు మేలో చూడటానికి ఒక లెక్క వేద్దాం. ఏ కరెన్సీ అయినా సరే, వస్తువు ధర 100, పోస్టేజీ 30. లోపంతో ఉన్న ఆ వస్తువు అసలు విలువ 60. తిప్పి పంపితే అమ్మకందారు మీకు 130 ఇవ్వాలి. పంపడానికి అతను పెట్టిన 30 పోయినట్టే, తిరుగు పోస్టేజీ మరో 30. అంటే చేతి నుంచి 60 పోయి, 60 విలువైన వస్తువు తిరిగి వస్తుంది. మొత్తానికి మిగిలేది సున్నా, మళ్లీ అమ్ముకునే శ్రమ అదనం. మీకు 40 ఇచ్చి వదిలించుకుంటే మాత్రం అతనికి 60 మిగులుతుంది. కాబట్టి 40 అడగడం మీకు న్యాయం, ఇవ్వడం అతనికి లాభం. బరువైనవి, పెద్దవి, ధరతో పోలిస్తే పోస్టేజీ ఎక్కువైనవి, అంటే మిక్సర్లు, స్పీకర్లు, పుస్తకాల సెట్లు లాంటివాటికి ఈ దారి చక్కగా కుదురుతుంది. పోస్టేజీ ఎంత ఎక్కువ గుంజితే వాపసు అతనికే అంత బరువవుతుందన్నమాట.

చిన్నగా, తేలిగ్గా ఉండి ధర ఎక్కువైన వస్తువుకు లెక్క తిరగబడుతుంది. లెన్స్ ధర 1000, పోస్టేజీ 10 అయితే వాపసు తీసుకోవడం అమ్మకందారుకు పెద్ద నష్టం కాదు. ఆ లోపాన్ని కనిపెట్టని ఇంకొకరికి మళ్లీ అమ్మే ఆశ కూడా ఉంటుంది. అక్కడ కొంత రిఫండ్ కోసం వారాలపాటు బేరమాడటం దండగ, నేరుగా తిప్పి పంపేయండి. పనిచేయని ఎలక్ట్రానిక్ వస్తువుల సంగతీ అంతే. ‘చిన్న రిపేర్, కొంత తగ్గిస్తాను’ అంటారు. బోర్డు పాడైందో, కెపాసిటర్ పోయిందో విప్పి చూస్తే గానీ తెలియదు, విప్పితేనేమో వాపసు హక్కు పోయే ప్రమాదం ఉంది. రిపేర్‌కు ఎంతవుతుందో రాతపూర్వకంగా చెప్పేవాళ్లు దొరికితే తప్ప అలాంటివాటికి కొంత రిఫండ్ వద్దు.

ఎంత అడగాలి? పోయిన భాగం కొత్తగా కొనడానికి అయ్యే ఖర్చు, దాని పోస్టేజీతో కలిపి ఒక అంకె. అలాంటి లోపం ఉన్నదే మార్కెట్లో ఎంతకు అమ్ముడైందో, మీరు కట్టిన ధరకూ దానికీ తేడా రెండో అంకె. రెంటిలో చిన్నదాన్ని అడగండి. ‘అమ్ముడైన’ ధరలు చూడాలి, ‘అడుగుతున్న’ ధరలు కాదు. అమ్మకందారు తనకు తానుగా పది శాతం ఇస్తానంటే వెంటనే ఒప్పుకోకండి. కొంత రిఫండ్‌కు ఒప్పుకుంటే చాలా చోట్ల ఆ కేసు అంతటితో ముగిసిపోతుంది, వారం తర్వాత ఇంకో లోపం బయటపడినా అడిగే దారి ఉండదు. అందుకే బేరానికి ముందే వస్తువును పూర్తిగా పరీక్షించాలి. పుస్తకమైతే పేజీలన్నీ, బొమ్మల ప్లేట్లతో సహా, లెక్కపెట్టాలి. కెమెరా అయితే షట్టర్ స్పీడ్లన్నీ, ఫోన్ అయితే సిమ్, ఛార్జింగ్, మైకు, అకౌంట్ లాక్ చూడాలి.

అమ్మకందారుకు మొదటి మెసేజ్ పొట్టిగా ఉండాలి: ‘నమస్కారమండీ. లిస్టింగ్‌లో పెట్టె, ఛార్జర్ ఉన్నాయని రాశారు, పార్సిల్‌లో ఛార్జర్ లేదు. ఫొటోలు జతచేశాను. కొత్త ఛార్జర్‌కు అయ్యే ఖర్చు మేరకు రిఫండ్ ఇస్తే ఉంచుకుంటాను, లేదంటే వాపసు పంపుతాను. శుక్రవారంలోగా చెప్పగలరు.’ కోపం, అనుమానం, ‘మోసం’ అన్న మాట వద్దు. ‘డబ్బివ్వకపోతే చెడ్డ రేటింగ్ ఇస్తా’ అన్న బెదిరింపు అసలే వద్దు. రేటింగ్ చూపించి డబ్బు అడగడం ఈబే నియమాలకు విరుద్ధం, కేసు మీ మీదికే తిరుగుతుంది. మెసేజ్ ప్లాట్‌ఫాం లోపలే పంపండి. ఫోన్లో, వాట్సాప్‌లో మాట్లాడుకున్నది తర్వాత కేసు చూసేవాళ్ల కంటికి ఆనదు.

బేరం ఎంత మర్యాదగా సాగినా గడువు మీద ఒక కన్ను వేసి ఉంచాలి. ఈబేలో సాధారణంగా వస్తువు చేరిన 30 రోజుల్లోగా ఫిర్యాదు తెరవాలి. సెకండ్ హ్యాండ్ బట్టలు, వస్తువులు అమ్మే వింటెడ్‌లో రెండే రోజులు, ఆ తర్వాత డబ్బు అమ్మకందారుకు వెళ్లిపోతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే సేవ అయిన పేపాల్‌లో డబ్బు కట్టిన నాటి నుంచి 180 రోజులు. అయితే అక్కడ డిస్ప్యూట్ (అమ్మకందారుతో నేరుగా తేల్చుకునే దశ) తెరిచాక 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా (పేపాల్‌నే తేల్చమని అడగడంగా) మార్చకపోతే తనంతట తనే మూసుకుపోతుంది. ‘ఊరెళ్లాను, వచ్చే వారం చూస్తా’ అన్న జవాబు నిజం కావచ్చు, గడువు దాటించే ఎత్తు కూడా కావచ్చు. ఏదైనా సరే ఫిర్యాదు తెరిచి ఉంచి మాట్లాడుకోండి. ‘ముందు కేసు మూసేయండి, రిఫండ్ వేస్తాను’ అంటే మాత్రం మూయకండి. మూసిన కేసును తిరిగి తెరవడం చాలా చోట్ల కుదరదు, పైగా రిఫండ్ ఇవ్వడానికి కేసు మూయాల్సిన పనే లేదు.

తిప్పి పంపడంలో దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే: ‘నా అడ్రస్‌కు పంపేయండి, రాగానే డబ్బు వేస్తాను’ అంటే నమ్మి పంపేయడం. ప్లాట్‌ఫాంలో రిటర్న్ తెరవకుండా పంపితే తిరుగు పోస్టేజీ మీ నెత్తిన పడుతుంది, వస్తువు పోతుంది, రక్షణా పోతుంది. రిటర్న్ తెరిచాక వాళ్లిచ్చిన లేబుల్ అంటించండి, లేకపోతే ట్రాకింగ్ ఉన్న సర్వీస్‌లో పంపండి. సీరియల్ నంబర్ కనపడేలా ప్యాకింగ్ వీడియో, పోస్ట్ చేసిన రసీదు రెండూ దాచండి. ‘డెలివరీ అయింది’ అని ట్రాకింగ్‌లో పడితేనే రిఫండ్ గడియారం మొదలవుతుంది. వేరే దేశం నుంచి కొన్నదైతే కస్టమ్స్ ఫారం మీద ‘వాపసు వస్తువు’ అని రాయాలి, లేకపోతే అమ్మకందారు మీద మళ్లీ సుంకం పడి పార్సిల్ ఆగిపోవచ్చు. మీరు కట్టిన దిగుమతి సుంకం రిఫండ్‌తో పాటు దానంతటదే రాదు, దాని దరఖాస్తు వేరు. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను మామూలు పోస్టులో వేయకండి, పాడైన లిథియం బ్యాటరీలను విమానంలో పంపడం నిషిద్ధం. ఆ సంగతి ఫొటోతో ప్లాట్‌ఫాంకు రాసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. నకిలీ అని తేలిన వస్తువునూ వాళ్లు చెప్పేదాకా పంపకండి.

కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం, అంటే చార్జ్‌బ్యాక్, ఆఖరి దారి. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో గడువు మామూలుగా 120 రోజులు. బ్యాంకు అడిగేది రెండు: అమ్మకందారుతో తేల్చుకోవడానికి ప్రయత్నించారా, వస్తువు తిప్పి పంపారా లేదా పంపడానికి సిద్ధపడ్డారా. ఇది మొదటి దారిగా పనికిరాదు. చార్జ్‌బ్యాక్ వేయగానే ఈబే, పేపాల్‌లలో మీ కేసు మూసుకుపోతుంది, రెండు చోట్లా ఒకేసారి నడపలేరు. ప్లాట్‌ఫాం కేసు ఓడిపోయాకో, ప్లాట్‌ఫామే లేనప్పుడో వాడాలి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కు, పేపాల్‌లో కొనుగోలు కింద కాకుండా స్నేహితులు-కుటుంబం పద్ధతిలో పంపిన డబ్బుకు ఇలాంటి రక్షణ ఉండదు. ‘ఫీజు మిగులుతుంది, అలా పంపండి’ అనేవాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు.

ఇప్పుడు పోస్టేజీ. లేబుల్ మీద 14 అని ఉంది, మీ దగ్గర 30 తీసుకున్నారు. తేడా అంతా దోపిడీ అని అప్పుడే అనేయకండి. పెట్టె, టేపు ఉన్నాయి, చాలా ప్లాట్‌ఫాంలు అమ్మకందారు నుంచి తీసుకునే తమ రుసుమును పోస్టేజీ కలిపిన మొత్తం మీద లెక్కగడతాయి. అమెరికాలో ఈబే 2011లో ఈ పద్ధతికి మారింది. అంతకుముందు వస్తువు 1కి పెట్టి పోస్టేజీ 40 వేసి రుసుము ఎగ్గొట్టేవాళ్లు, ఆ ఎత్తు ఇప్పుడు అంతగా పనిచేయదు. పెద్ద పెట్టెకు తూకం కూడా వేరేగా ఉంటుంది. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి, వచ్చిన అంకెను కిలోలుగా తీసుకుని, అసలు తూకం కంటే అది ఎక్కువైతే దానికే వసూలు చేస్తాయి. 40×30×20 పెట్టె తూకంలో కిలోన్నరే అయినా, 4.8 కిలోల కింద వసూలు చేస్తారు.

ఇవన్నీ తీసేశాక కూడా ఎక్కువే అనిపిస్తే, మీ ముందున్న దారులు మూడు: ముందే అడగడం, తర్వాత తేడా అడగడం, రేటింగ్‌లో రాయడం. వీటిలో మొదటిదే గట్టిది. పేజీలో రాసిన పోస్టేజీకి ఒప్పుకుని కట్టాక, అది ఎక్కువైందని ప్లాట్‌ఫాం వెనక్కి ఇప్పించడం అరుదు. ఒకే అమ్మకందారు దగ్గర మూడు గ్రామఫోన్ రికార్డులు కొంటే కార్ట్ మూడు పోస్టేజీలు కలిపేస్తుంది. నిజానికి 12 అంగుళాల రికార్డు అట్టతో కలిపి పావుకిలోకు అటూఇటూ ఉంటుంది, మొదటిదానికి పెట్టె బరువు పోగా మిగిలినవాటికి పెరిగేది అంతే. డబ్బు కట్టకముందే ‘మూడూ ఒకే పార్సిల్‌లో పంపితే మొత్తం ఎంతో బిల్లు పంపండి’ అని రాయండి. కట్టేశాక అడిగితే అది అతని దయ.

కట్టాక కూడా నిలబడే ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్‌కు డబ్బు తీసుకుని మామూలు పోస్టులో వేయడం, ట్రాకింగ్ అని చెప్పి ట్రాకింగ్ లేకుండా పంపడం, విడివిడి పోస్టేజీలు తీసుకుని ఒకే పెట్టెలో పంపడం, స్టాంపులు చాలక గుమ్మం దగ్గర మీ చేత కట్టించడం. ఇక్కడ ‘ఎక్కువ తీసుకున్నారు’ అనకండి, ‘చెప్పిన సర్వీస్ ఇది, వచ్చింది ఇది’ అని లేబుల్ ఫొటో పెట్టి తేడా అడగండి. గుమ్మం దగ్గర కట్టిన రసీదు ఉంటే దాన్నీ జతచేయండి. వర్ణన తప్పిన కేసు కూడా నడుస్తుంటే పోస్టేజీ గొడవ విడిగా ఎత్తొద్దు. ఈబేలో అలాంటి కేసు గెలిచి తిప్పి పంపితే, మీరు మొదట కట్టిన పోస్టేజీ కూడా పూర్తి రిఫండ్‌లో కలిసి వస్తుంది.