పిల్లల మ్యాచ్ దగ్గర అరవాలా, బయటికి వెళ్లిపోవాలా, కూర్చోవాలా?

మా పాప అండర్-13 షటిల్ ఆడుతుంది. రెండేళ్ల నుంచి టోర్నీలకి తీసుకెళ్తున్నాను, ఈ మూడు పనులూ నేను చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు అరుపుల సంగతి. "బ్యాక్‌హ్యాండ్‌కి ఎయ్!", "వెనక్కి పో, వెనక్కి!" అని గ్యాలరీలోంచి కేకలు. ప్రేమ లేక అరవరు, అది నాకు తెలుసు. కానీ ఆ కేక పిల్లాడి చెవిలో పడేసరికి షటిల్ అటు వెళ్లి ఇటు వచ్చేసి ఉంటుంది. ర్యాలీ నడుస్తుండగా కోచ్ కూడా నోరు తెరవకూడదనేది రూల్, 21 పాయింట్ల గేమ్‌లో 11 దగ్గర వచ్చే ఒక్క నిమిషం గ్యాప్‌లో, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య విరామంలో మాత్రమే ఆయన దగ్గరికెళ్లి చెప్పగలడు, అలాంటిది మనం ప్రతి పాయింట్‌కీ చెబితే పిల్లలు ఎవరి మాట వినాలి?

మొన్న పక్క కోర్టులో ఒక బాబు 18-14తో ముందున్నాడు. ఒక పాయింట్ పోయింది, షటిల్ కోసం వంగే ముందు వాళ్ల నాన్న మొహం చూశాడు. ఇంకోటి పోయింది, మళ్లీ చూశాడు. అలా చూస్తూ చూస్తూనే 18-21తో గేమ్ పోయింది. ఆ తర్వాత రాకెట్ గ్రిప్‌ని గోటితో గీరుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. చిన్న టోర్నీల్లో చాలాసార్లు అంపైర్ కుర్చీలో ఉండేది కూడా అంతకుముందు ఓడిన పిల్లలే, షటిల్ లైన్ లోపల పడిందా బయట పడిందా అన్నదాని మీద వాళ్లతో పెద్దవాళ్లు గొడవకి దిగడం మాత్రం నేను అస్సలు ఒప్పుకోను.

గేటు దగ్గర దింపి వెళ్లిపోవడం? పదిహేను, పదహారేళ్లవాళ్లకి పర్లేదు, కొందరు వాళ్లే వద్దంటారు కూడా. పదేళ్ల పిల్లకి మాత్రం పనికిరాదు. తొమ్మిదింటికి అన్న మ్యాచ్ మూడింటికి మొదలవుతుంది, మధ్యలో తిండి ఎవరు చూస్తారు, ఓడితే ఎవరి దగ్గరికి వస్తుంది?

నా ఓటు కూర్చోవడానికే. మాట్లాడకుండా, అవతలి పిల్ల నెట్ దగ్గర మెల్లగా మంచి డ్రాప్ షాట్ వేస్తే దానికీ చప్పట్లు కొడుతూ. చాలా కష్టం, చేతులు చెమటలు పడతాయి. "అరిస్తేనే మావాడు లేస్తాడన్నా" అనేవాళ్లకి ఒకటే చెబుతాను: పాయింట్ అయ్యాక పేరు పెట్టి "కమాన్" అనండి, చాలు, ఎక్కడ కొట్టాలో మాత్రం చెప్పకండి. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ప్లేయర్లు, వాళ్ల నాన్న రమణగారు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. ఆటంటే ఏంటో అంత తెలిసినవాళ్లు కూడా కూతురి ఆటని గోపీచంద్ చేతిలో పెట్టారు, మనమెంత?

ఓడిన రోజు ఇంటికెళ్లే దారి ఇంకా ముఖ్యం. ఒకప్పుడు బండి స్టార్ట్ చేయకముందే తప్పులన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి, మా పాప హెల్మెట్‌లోనే ఏడ్చేది. పోయిన నెల గచ్చిబౌలి నుంచి మెహదీపట్నం దాకా నేనేమీ అడగలేదు, తనూ మాట్లాడలేదు. ఇరానీ హోటల్ దగ్గర ఆపాను. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి పడేదాకా చూసి, తనే అంది: "సర్వీసులన్నీ షార్ట్ పడ్డాయి నాన్నా."