చాప్టర్ 7 బ్యాంక్రప్సీలో (దివాలాలో) ఈక్విటీ లోన్ పోతుందని చెప్పే ఆయన్ని నమ్మకండి (న్యూజెర్సీ వాళ్లకి)

రాత్రంతా నిద్ర లేదు, తప్పులుంటే ఏమనుకోవద్దు. ఎడిసన్ చుట్టుపక్కల మన వాట్సాప్ గ్రూపుల్లో "బ్యాంక్రప్సీ పేపర్లు తక్కువలో చేసిపెడతాను" అని పోస్టులు పెట్టే ఆయన మీలో చాలామందికి తెలిసే ఉంటాడు, పేరు రాయను. లాయర్ కాదు. నా ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు, కార్డుల అప్పులు, ఇంటి మీద అసలు లోన్ కాక ఇంకో 68 వేల డాలర్ల ఈక్విటీ లోన్. లాయర్ ఫీజుకి భయపడి ఈయన దగ్గరకి వెళ్లాం. తనకి 1,200, కోర్టు ఫీజు 338 కూడా తన చేతికే ఇమ్మన్నాడు, ఇచ్చాం.

మా వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ, "అక్కా, మొదటి లోన్ ఒక్కటి కట్టుకోండి చాలు, ఈక్విటీ లోన్ ఆపేయండి, చాప్టర్ 7లో అది పోతుంది, ఇల్లు మీదే" అన్నాడు. నాలుగు నెలలు కట్టలేదు.

పోయిన వారం మా కేసు చూసే ట్రస్టీతో జూమ్‌లో 341 మీటింగ్ (ప్రమాణం చేయించి ప్రశ్నలు అడిగేది). ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, పేపర్లు ఎవరు చేశారని అడిగితే మేమే చేసుకున్నాం అని చెప్పమన్నాడు. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాక అబద్ధం ఎలా చెబుతాం? ట్రస్టీ ఆ ప్రశ్నే అడిగింది. మా ఆవిడ నా మొహం చూసింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అప్పుడు ట్రస్టీ పిటిషన్‌లో ఒక పేజీ తియ్యమంది. లాయర్ కానివాళ్లకి డబ్బిచ్చి ఫారాలు నింపించుకున్నారా అన్నచోట "లేదు" అని టిక్ పెట్టి ఉంది, కింద మా ఇద్దరి సంతకాలు. చదవకుండా సంతకం పెట్టాను. అది నా తప్పే, కాదనను.

నిన్న బ్యాంకు లాయర్ నుంచి కవరు వచ్చింది. స్టే (కేసు వేయగానే అప్పులవాళ్లని ఆపే రక్షణ) ఎత్తేస్తే ఇల్లు ఫోర్‌క్లోజ్ చేసుకుంటామని కోర్టులో మోషన్ వేశారు. ఆ కాగితాలు చేతిలో పట్టుకునే ఆ పేపర్లు చేసినాయనకి ఫోన్ చేశాను. "అన్నా, నేను టైపింగే కదా చేసింది, సలహా ఇచ్చానని ఎక్కడన్నా రాసుందా?" అని పెట్టేశాడు. పక్క గదిలో పాప హోమ్‌వర్క్ చేసుకుంటోంది, గట్టిగా అరవడానికి కూడా లేకపోయింది. ఇంట్లో కూర్చుని అక్కా అన్నా అని పిలిచిన మనిషి, ఆ ఒక్క మాటతో తప్పించుకున్నాడు.

ఈ రోజు పొద్దున అసలు లాయర్ దగ్గరకి వెళ్తే అరగంటలో తేలిపోయింది. చాప్టర్ 7లో పోయేది మన మీద ఉన్న బాధ్యతే, బ్యాంకు మన జీతం జోలికి రావడం కుదరదు, కానీ ఇంటి మీద లియెన్ (బ్యాంకు తాకట్టు హక్కు) ఎక్కడికీ పోదు, కట్టకపోతే ఇల్లు తీసుకుంటారు. ఇంటి విలువ మొదటి లోన్ బాకీకే చాలకపోయినా చాప్టర్ 7లో రెండోది తీసేయడం కుదరదని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పేసిందట. అలా విలువ చాలనివాళ్లకి చాప్టర్ 13లో (జీతంలోంచి వాయిదాల్లో కట్టుకునే రకం దివాలా) దారి ఉంది, మాది అలా కాదు. ఇంకో బాధ ఏంటంటే ఆ ఈక్విటీ లోన్‌లో సగం పాత కార్డుల బాకీ తీర్చడానికే తీసుకున్నాం. ఆ బాకీలు కార్డుల మీదే ఉండి ఉంటే చాప్టర్ 7లో పోయేవి. వాటిని తెచ్చి ఇంటి మెడకి చుట్టింది మేమే.

ఇప్పుడు మా ఆవిడ జీతం చూపించి చాప్టర్ 13కి మార్చమని అడుగుతున్నాం. ఒప్పుకుంటే బాకీపడ్డ నెలలు ఐదేళ్లలోపు కొంచెం కొంచెంగా కట్టొచ్చు, నెలనెలా వాయిదా మాత్రం తప్పకూడదు.

మీరు చూసుకోవాల్సింది: లాయర్ కానివాళ్లు ఫారాలు నింపొచ్చు గానీ ఏ చాప్టర్ వేయాలో, ఏ లోన్ పోతుందో చెప్పకూడదు, కోర్టు ఫీజు చేతిలోకి తీసుకోకూడదు, పేపర్ల మీద తమ సంతకం పెట్టాలి. ఇది ఫెడరల్ చట్టం. ఆయన మీద యూఎస్ ట్రస్టీ ఆఫీసుకి (బ్యాంక్రప్సీ కేసుల్ని పర్యవేక్షించే ప్రభుత్వ ఆఫీసు) రాస్తున్నాను, మీకూ ఇలా జరిగి ఉంటే మీరూ రాయండి. ఈక్విటీ లోన్ కట్టడం ఆపేముందు ఒక్కసారి లాయర్‌ని అడగండి, మొదటి మీటింగ్‌కి డబ్బులు తీసుకోనివాళ్లు చాలామందే ఉన్నారు.

ఆయన పోస్టు గ్రూపులో ఇప్పటికీ పైన పిన్ చేసే ఉంది. అడ్మిన్‌లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ రోజే తీసేయండి.